పీక్ చూసి మురిసిపోకండి: లోతైన నీలం కోసం డాబ్నా అణువుల కేస్ స్టడీ

ఓఎల్ఈడీ (కరెంటు పంపితే వెలిగే సేంద్రియ పొరల డిస్‌ప్లే) పదార్థాల ల్యాబ్‌లో కొత్తగా చేరిన కెమిస్టులు నీలం ఎమిటర్ (వెలిగే అణువు) గురించి మొదట అడిగేది పీక్, అంటే అన్నిటికంటే ఎక్కువగా వెలిగే తరంగదైర్ఘ్యం, ఎక్కడ వచ్చిందని. 460 నానోమీటర్లంటే ముఖాలు వెలుగుతాయి, 475 అంటే వాడిపోతాయి. అలాంటప్పుడు వాళ్ళ ముందు రెండు డివైస్‌ల అంకెలు పెడతాను. డాబ్నా-2 అనే అణువుతో చేసిన డివైస్ పీక్ 467 నానోమీటర్లు, సీఐఈ నిర్దేశాంకాలు, అంటే కంటికి కనపడే రంగును చెప్పే రెండు అంకెలు, (0.12, 0.13). అదే కుటుంబంలోని న్యూ-డాబ్నా పీక్ 469, అంటే రెండు నానోమీటర్లు ఎరుపు వైపు జరిగింది. దాని నిర్దేశాంకాలు మాత్రం (0.12, 0.11). నీలంలో రెండో అంకె ఎంత తగ్గితే రంగు అంత లోతు. పీక్ తప్పు దిక్కుకు జరిగినా నీలం లోతైంది.

ఇది ఎలా జరిగిందో తేలితే లోతైన నీలం డిజైన్‌లో సగం చిక్కు విడిపోయినట్టే. అందుకే డాబ్నా కుటుంబాన్నే కేసుగా తీసుకున్నాను. జపాన్‌లోని క్వాన్సెయ్ గకుయిన్ విశ్వవిద్యాలయంలో తకుజి హతకెయామా బృందం 2016లో డాబ్నా-1, డాబ్నా-2 ప్రకటించింది. 2019లో న్యూ-డాబ్నా వచ్చింది. 2021లో అదే అణువులో ఆక్సిజన్ చేర్చిన రూపం వచ్చింది. కింద ఇచ్చిన అంకెలు ప్రచురితమైనవి. వాటిని ఎలా చదవాలన్నది మాత్రం ఇలాంటి అణువులను బెంచి మీద చేసేవాడిగా నా అభిప్రాయం.

ముందు లక్ష్యం సంగతి. ఇప్పటి ఫోన్లు, టీవీలు చాలావరకు పాటించే డీసీఐ-పీ3 ప్రమాణంలో నీలం (0.15, 0.06). ఇంకా కఠినమైన బీటీ.2020లో (0.131, 0.046). ఈ రెండోది 467 నానోమీటర్ల దగ్గర ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి సమానం. ఇప్పుడు డాబ్నా-2 పీక్ మళ్ళీ చూడండి. అదీ 467. పీక్ ప్రమాణానికి సరిగ్గా కలిసింది, కానీ రెండో నిర్దేశాంకం 0.046 ఉండాల్సిన చోట 0.13 ఉంది. ఈ దూరమంతా స్పెక్ట్రం వెడల్పు వల్ల వచ్చిందే.

రెండో నిర్దేశాంకాన్ని నడిపించేది కంటి ప్రకాశ సున్నితత్వపు వక్రరేఖ. 555 నానోమీటర్ల దగ్గర దాని విలువ 1 అయితే 460 దగ్గర 0.06, 500 దగ్గర 0.32. అంటే 500 దగ్గర కారిన కాంతి ఒక్కో పాలూ 460 దగ్గరి కాంతికి ఐదు రెట్లకు పైగా బరువుతో లెక్కలోకి వస్తుంది. సేంద్రియ అణువుల ఉద్గారంలో ప్రధాన శిఖరం పక్కన ఒక భుజం ఉంటుంది. కార్బన్-కార్బన్ బంధాలు సాగే కంపనం దానికి కారణం. ఆ కంపనం విలువ సుమారు 1400 వేవ్‌నంబర్లు, అంటే 0.17 ఎలక్ట్రాన్ వోల్టులు. 468 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 2.65. అందులోంచి 0.17 తీసేస్తే మిగిలేది 2.48, సరిగ్గా 500 నానోమీటర్లు. రంగును పాడుచేయడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. పీక్‌ను నాలుగు నానోమీటర్లు నీలం వైపు జరపడానికి నెలలు ఖర్చుపెట్టే కంటే ఈ భుజాన్ని అణచడం లాభసాటి. ఈ కేసు మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

కాండెలా పర్ ఆంపియర్ (ఇచ్చిన కరెంటుకు కంటికి కనపడే వెలుగు) అంకెలు చూపించి మా అణువే గొప్పదనే పేపర్లు ఇప్పటికీ వస్తుంటాయి. లోతైన నీలంలో ఆ అంకెకు అర్థం తక్కువ. రంగు లోతైన కొద్దీ కంటికి తక్కువ కనపడుతుంది కాబట్టి మంచి అణువుకే తక్కువ మార్కులు పడతాయి. పరిశ్రమలో ఆ విలువను రెండో నిర్దేశాంకంతో భాగించి బ్లూ ఇండెక్స్ అంటారు. పోల్చాలంటే దాన్నే అడగాలి.

పాత దారులు ఎక్కడ ఆగాయి

1987లో కోడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ పలుచని పొరలతో తక్కువ వోల్టేజీకి వెలిగే ఓఎల్ఈడీ చేసినప్పటి నుంచి నీలానిదే కష్టం. కరెంటుతో పుట్టే ఎక్సైటాన్లలో, అంటే శక్తి నింపుకున్న ఎలక్ట్రాన్, ధన ఛార్జి జంటల్లో, స్పిన్‌ను బట్టి 25 శాతం సింగ్లెట్లు, 75 శాతం ట్రిప్లెట్లు. మామూలు ఫ్లోరెసెన్స్ సింగ్లెట్లనే వాడుకుంటుంది. ఆంత్రసీన్ హోస్టుల్లో (ఎమిటర్‌ను కలిపి ఉంచే ప్రధాన పదార్థాల్లో) రెండు ట్రిప్లెట్లు కలిసి ఒక సింగ్లెట్ పుట్టే దారి ఉంది. దాని గరిష్ఠ పరిమితి 62.5 శాతం. ఫోన్లలో చాలాకాలంగా నీలాన్ని మోస్తున్నది ఈ పద్ధతే. సామర్థ్యం తక్కువైనా ఆయుష్షు ఉంది, వ్యాపారానికి అది చాలు.

ఎరుపు, ఆకుపచ్చల్లో ఇరిడియం ఫాస్ఫోరెసెన్స్ ట్రిప్లెట్లను కూడా కాంతిగా మార్చేసింది. నీలంలో అదే చేద్దామంటే ఫిర్పిక్ లాంటి ఇరిడియం అణువులు ఆకాశనీలం దగ్గరే ఆగిపోయాయి. పైగా ఫ్లోరిన్లు, పికొలినేట్ లిగాండ్ ఊడిపోయే బెడద. తర్వాత 2012లో క్యూషూ విశ్వవిద్యాలయంలో చిహాయా అడాచి బృందం టీఏడీఎఫ్‌కు, అంటే వేడి సాయంతో ఆలస్యంగా వెలిగే ఫ్లోరెసెన్స్‌కు, ఊపు తెచ్చింది. సింగ్లెట్, ట్రిప్లెట్ల మధ్య అంతరం బాగా తగ్గితే గది వేడికే ట్రిప్లెట్లు పైకెక్కి సింగ్లెట్లుగా మారి వెలుగుతాయి. అంతరం తగ్గాలంటే హోమో (ఎలక్ట్రాన్లున్న ఆర్బిటాళ్ళలో అన్నిటికంటే పైది), లూమో (ఖాళీ ఆర్బిటాళ్ళలో అన్నిటికంటే కిందిది) ఒకదానిమీద ఒకటి పడకూడదు. అందుకని ఒకవైపు డొనార్ (ఎలక్ట్రాన్లు ఇచ్చేది), ఇంకోవైపు యాక్సెప్టర్ (తీసుకునేది) పెట్టి మధ్యలో బంధాన్ని మెలితిప్పారు.

నీలంలో ఈ దారికి మంచి ఉదాహరణ 2014లో వచ్చిన డీఎంఏసీ-డీపీఎస్. బాహ్య క్వాంటం సామర్థ్యం (పంపిన ఎలక్ట్రాన్లలో ఎన్నిటికి ఫోటాన్ బయటికొచ్చిందన్నది) 19.5 శాతం, లోహం లేని నీలానికి అప్పట్లో అది చాలా గొప్ప. రంగు మాత్రం (0.16, 0.20). మెలితిరిగిన బంధం ఉత్తేజిత స్థితిలో ఇంకోలా సర్దుకుంటుంది, ఛార్జి ఒక చివర నుంచి ఇంకో చివరకు పోతుంది, చుట్టూ ఉన్న హోస్టు అణువులు దానికి తగ్గట్టు ప్రవర్తిస్తాయి. ఫలితంగా సగం ఎత్తు దగ్గర స్పెక్ట్రం వెడల్పు 70 నుంచి 100 నానోమీటర్లు. పీక్‌ను వయొలెట్ దాకా నెట్టినా తోక 500 దాటే ఉంటుంది. నెట్టిన కొద్దీ ఫోటాన్ శక్తి పెరిగి అణువు ఆయుష్షు తగ్గుతుంది. డొనార్-యాక్సెప్టర్ నీలం మీద ఇంకా ఆశ పెట్టుకున్నవాళ్ళతో ఈ విషయంలో నేను ఏకీభవించను. సెన్సిటైజర్‌గా (వేరే ఎమిటర్‌కు శక్తి అందించే సహాయకుడిగా) వాటికి చోటుంది, చివరి ఎమిటర్‌గా లేదు.

బోరాన్, నైట్రోజన్ ఎదురెదురుగా

హతకెయామా ఎత్తుగడ వేరు. డొనార్, యాక్సెప్టర్‌లను రెండు చివర్లకు పంపకుండా ఒకే బల్లపరుపు అస్థిపంజరంలో పరమాణువుల స్థాయిలో కలిపేశాడు. డాబ్నా-1లో మధ్య బెంజీన్ వలయానికి ఒక బోరాన్, దానికి అటూ ఇటూ ఆర్థో (పక్కనే ఉన్న) స్థానాల్లో రెండు నైట్రోజన్లు. బోరాన్, నైట్రోజన్ కలిసి ఏర్పరచే ఆరు సభ్యుల వలయంలో అవి ఒకదానికొకటి పారా (ఎదురు) స్థానంలో పడతాయి. నైట్రోజన్ తన ఆర్థో, పారా కార్బన్ల మీదికి ఎలక్ట్రాన్లను నెడుతుంది. బోరాన్ తన ఆర్థో, పారా కార్బన్ల నుంచి లాగుతుంది. ఈ రెండు గుంపుల కార్బన్లు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. దాంతో హోమో నైట్రోజన్ల మీదా, బోరాన్‌కు మెటా (ఆర్థో, పారాల మధ్యలోని) స్థానాల మీదా కూర్చుంటుంది. లూమో బోరాన్ మీదా, దాని ఆర్థో, పారా స్థానాల మీదా కూర్చుంటుంది. రెండూ ఒకే ఇంట్లో ఉన్నా ఒకే పరమాణువును పంచుకోవు. దీన్నే మల్టీ-రెజొనెన్స్ అన్నారు.

ట్రిప్లెట్లను వాడుకునే వీలు ఒక లాభం. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది రెండోది. ఎలక్ట్రాన్ ఒక పరమాణువు నుంచి పక్క పరమాణువుకు జరుగుతుందే తప్ప బంధాల మధ్య సాంద్రత పెద్దగా మారదు. బంధాల పొడవులు మారకపోతే కార్బన్-కార్బన్ కంపనం ఉత్తేజితం కాదు. 500 దగ్గరి భుజం పడిపోతుంది. అస్థిపంజరం బిగుసుకుని ఉంది కాబట్టి మెలితిరిగే చోటూ లేదు. డాబ్నా-1 డివైస్ పీక్ 459, వెడల్పు 28 నానోమీటర్లు, రంగు (0.13, 0.09), సామర్థ్యం 13.5 శాతం. అదనంగా డైఫినైల్అమినో సమూహం తగిలించిన డాబ్నా-2 సామర్థ్యం 20.2 శాతానికి ఎక్కింది, వెడల్పు 28 దగ్గరే ఉంది. అప్పటివరకు ఇంత సన్నని స్పెక్ట్రం కావాలంటే మైక్రోకావిటీతో (కాంతిని రెండు అద్దాల్లాంటి పొరల మధ్య పట్టి) కోసుకోవాల్సిందే అనుకునేవాళ్ళం.

లోపం మరోచోట ఉంది. డాబ్నాలో సింగ్లెట్-ట్రిప్లెట్ అంతరం 0.2 ఎలక్ట్రాన్ వోల్టులకు దగ్గరగా ఉంది. ట్రిప్లెట్ పైకెక్కే వేగం సెకనుకు పదివేల స్థాయి. డివైస్ మసకగా వెలిగేటప్పుడు పర్వాలేదు. వెలుగు పెంచితే ట్రిప్లెట్లు పోగుపడి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, సామర్థ్యం కుప్పకూలుతుంది.

2019లో దీనికి ఇచ్చిన జవాబు న్యూ-డాబ్నా. పేరులోని న్యూ గ్రీకు అక్షరం. అస్థిపంజరాన్ని పొడిగించి ఐదు బెంజీన్ వలయాలను రెండు బోరాన్లు, నాలుగు నైట్రోజన్లతో కుట్టేశారు. మామూలుగా సంయుగ్మం పెరిగితే రంగు ఎరుపు వైపు పరుగెత్తాలి. ఇక్కడ మల్టీ-రెజొనెన్స్ ఆ పరుగును పట్టి ఆపింది, పీక్ 469 దగ్గరే నిలిచింది. వెడల్పు ద్రావణంలో 14, డివైస్‌లో 18 నానోమీటర్లు. ఆర్బిటాళ్ళు ఇంకా పెద్ద పరిధిలో పరుచుకోవడంతో అంతరం 0.017 ఎలక్ట్రాన్ వోల్టులకు దిగింది. ట్రిప్లెట్ పైకెక్కే వేగం సెకనుకు రెండు లక్షలైంది. గరిష్ఠ సామర్థ్యం 34.4 శాతం, చదరపు మీటరుకు 1000 కాండెలా వెలుగు దగ్గర కూడా 26 శాతం. ఈ 34.4 చూసి అనుమానపడేవాళ్ళున్నారు. మామూలుగా పొరల్లో పుట్టిన కాంతిలో 20 నుంచి 25 శాతమే బయటికొస్తుంది కదా అని. అణువు పొడుగ్గా, చదునుగా ఉంది కాబట్టి ఫిల్మ్‌లో అడ్డంగా పడుకుంటుంది, కాంతి ఎక్కువ భాగం ముందుకే వస్తుంది. ఆకారం నుంచి దొరికిన బోనస్ అది.

కంప్యూటర్ మాట ఎంతవరకు వినాలి

ఈ కుటుంబంలో కొత్త అణువు గీసి టీడీ-డీఎఫ్‌టీ (ఉత్తేజిత స్థితుల శక్తిని అంచనా వేసే కంప్యూటర్ పద్ధతి) లెక్క పెట్టి సింగ్లెట్-ట్రిప్లెట్ అంతరం 0.5 ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చిందని పక్కన పడేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పద్ధతి మల్టీ-రెజొనెన్స్ అణువుల్లో అంతరాన్ని బాగా ఎక్కువ చేసి చూపిస్తుంది. డాబ్నాకు కూడా దాదాపు 0.5 అనే చెబుతుంది, ప్రయోగంలో అందులో సగం కూడా లేదు. ఉత్తేజితమైన ఎలక్ట్రాన్ చుట్టూ మిగతా ఎలక్ట్రాన్లు సర్దుకోవడాన్ని, ఒకేసారి రెండు ఎలక్ట్రాన్లు లేవడాన్ని ఆ పద్ధతి పట్టుకోలేదు. 2019లో బెల్జియంలోని మాన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇతరులతో కలిసి దీన్ని వివరంగా చూపించారు. ఎస్‌సీఎస్-సీసీ2, ఏడీసీ(2) పద్ధతులు వాడితే అంకెలు ప్రయోగానికి దగ్గరపడతాయి. కాకపోతే ఇంత పెద్ద అణువుకు మెషీన్ రోజుల తరబడి తిరుగుతుంది.

నా పద్ధతి ఇది. టీడీ-డీఎఫ్‌టీని అణువుల వరుసక్రమానికి మాత్రమే వాడతాను. రంగు ఏ వైపు జరుగుతుందో అది సరిగానే చెబుతుంది. దాంతోపాటు నేల స్థితి, ఉత్తేజిత స్థితి ఆకారాల మధ్య తేడా లెక్కకడతాను. వెడల్పు గురించి మొదటి సమాచారం అక్కడే దొరుకుతుంది, పైగా చౌక. సీసీ2 లెక్క చివరి మూడు నాలుగు అణువులకే.

బెంచి మీద

డాబ్నా-1ను మొదట చేసిన దారిలో టెర్ట్-బ్యూటైల్ లిథియంతో హాలోజన్ తీసి లిథియం పెట్టాలి, తర్వాత బోరాన్ ట్రైబ్రోమైడ్, ఆ తర్వాత అమైన్ బేస్ వేసి వలయాలు మూయాలి. గాలి తగిలితే భగ్గుమనే ద్రావణాన్ని పెద్ద ఫ్లాస్కులో పోయడం ఎవరికైనా టెన్షనే. న్యూ-డాబ్నాకు వాడిన వన్-షాట్ బోరిలేషన్‌లో ఆ గొడవ లేదు. అమైన్లన్నీ ముందే కట్టుకుని, ఆర్థో-డైక్లోరోబెంజీన్‌లో బోరాన్ ట్రైబ్రోమైడ్‌తో బాగా వేడి చేస్తే రెండు బోరాన్లూ ఒకే దెబ్బకు తమ చోట్లలో కూర్చుంటాయి. ఎలక్ట్రాన్ సాంద్రత ఎక్కడ ఎక్కువో బోరాన్ అక్కడికే పోతుంది. చోటు తప్పకుండా ఉండాలంటే ఆ సాంద్రతను అణువు గీసేటప్పుడే సరిచూసుకోవాలి. ఈ పద్ధతిలో మూసే వలయం మీద హాలోజన్ ఉండాల్సిన పనిలేదు. అది ఎంత మేలో డివైస్ ఆయుష్షు కొలిచేవాళ్ళకు తెలుసు.

హైదరాబాద్ ఫార్మా కంపెనీల నుంచి ఈ రంగంలోకి వచ్చే మనవాళ్ళకు సింథసిస్‌లో కష్టం ఉండదు, చేయి తిరిగినవాళ్ళే. ఇబ్బంది పడేది శుద్ధి దగ్గర. ఫార్మాలో హెచ్‌పీఎల్‌సీలో (శుద్ధిని కొలిచే పరీక్షలో) 99.5 శాతం వస్తే ఊపిరి పీల్చుకుంటారు. ఇక్కడ 99.9 దాటాక అసలు కథ మొదలవుతుంది. మిగిలిపోయిన బ్రోమిన్, క్లోరిన్ పీపీఎం స్థాయిలో ఉన్నా ఆయుష్షు దెబ్బతింటుంది, హెచ్‌పీఎల్‌సీలో అది కనపడనే కనపడదు. అందుకే ప్రతి బ్యాచ్‌కూ హాలోజన్ విశ్లేషణ విడిగా చేయించాలి.

చివరి మెట్టు సబ్లిమేషన్, అంటే ఘనాన్ని ఆవిరి చేసి మళ్ళీ ఘనంగా పట్టడం. గాజు గొట్టంలో వాక్యూమ్ పెట్టి మూడు జోన్లలో వేడి మెట్లు మెట్లుగా దించుతాం. అసలు పదార్థం మధ్య జోన్‌లో పసుపు స్ఫటికాలుగా పేరుకుంటుంది. నీలం ఎమిటర్ పసుపుగా ఉందేమిటని అడగొద్దు, 460 దగ్గరి నీలాన్ని మింగేది పసుపుగానే కనిపిస్తుంది. న్యూ-డాబ్నా అణుభారం 900 దాటుతుంది కాబట్టి వేడి ఎక్కువ కావాలి. పడవలో (పదార్థం పెట్టి వేడిచేసే పాత్రలో) నల్లటి అడుగు మిగిలిందంటే అణువు కొంత విరిగిందని అర్థం, పైకెక్కిన స్ఫటికాలను కూడా మళ్ళీ హెచ్‌పీఎల్‌సీకి పంపాలి. స్ఫటికాలను యూవీ దీపం కింద పెడితే వెలుగు ద్రావణంలోలా శుద్ధమైన నీలంగా ఉండదు, ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. చదునైన అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని పేర్చుకోవడం వల్ల వచ్చే మార్పు అది. డివైస్‌లో డోపెంట్ (హోస్టులో కలిపిన ఎమిటర్) శాతం పెరిగినా ఇదే జరుగుతుంది. సన్నని స్పెక్ట్రం వెడల్పవుతుంది, పడ్డ శ్రమంతా వృథా. అంచుల్లో టెర్ట్-బ్యూటైల్, మెసిటైల్ లాంటి బొద్దు సమూహాలు పెట్టేది అణువులను దూరంగా ఉంచడానికే. వాటితో రంగు కొద్దిగా మారుతుంది, ఆ మార్పు ఏ వైపో ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఆయుష్షు దగ్గర అసలు పేచీ

2.7 ఎలక్ట్రాన్ వోల్టులంటే మోలుకు 62 కిలోకేలరీలు. ఒక్క ఎక్సైటాన్ గట్టి బంధాన్ని తెంచలేదు. రెండు ఎక్సైటాన్లు ఢీకొని శక్తి ఒకదానికే చేరితే 5.4 ఎలక్ట్రాన్ వోల్టులు. అప్పుడు అణువులోని దాదాపు ఏ సింగిల్ బంధమైనా ప్రమాదంలో పడినట్టే. కార్బన్-నైట్రోజన్ బంధం మొదట పోతుంది, అణువు మీద అదనపు ఎలక్ట్రాన్ కూర్చుని ఉంటే ఇంకా త్వరగా. కాబట్టి ట్రిప్లెట్లు పొరలో ఎంతసేపు తచ్చాడతాయన్నదే ఆయుష్షును నిర్ణయిస్తుంది.

క్యూషూ బృందం 2014లో చూపించిన హైపర్‌ఫ్లోరెసెన్స్ ఇక్కడ పనికొచ్చింది. వండేవాళ్ళు వేరు, వడ్డించేవాళ్ళు వేరు అన్నమాట. ట్రిప్లెట్లను సింగ్లెట్లుగా మార్చే పని ఒక టీఏడీఎఫ్ సహాయకుడిది, ఆ శక్తిని ఫోర్‌స్టర్ పద్ధతిలో (తాకకుండా దూరం నుంచే) అందుకుని సన్నగా వెలిగే పని న్యూ-డాబ్నాది. 2021లో ఇలా చేసిన రెండంతస్తుల టాండెమ్ డివైస్‌లో చదరపు మీటరుకు 1000 కాండెలాతో మొదలుపెడితే వెలుగు 95 శాతానికి పడటానికి 18 గంటలు పట్టింది. పరిశోధనగా అది మంచి అంకె. ఫోన్ తయారీదారు ముందు పెడితే నవ్వుతాడు.

ఇందులో చిక్కొకటుంది. మల్టీ-రెజొనెన్స్ అణువుల్లో శోషణ, ఉద్గారం ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. న్యూ-డాబ్నాకు శక్తి ఇవ్వాలంటే సహాయకుడి ఉద్గారం కూడా ఆ శోషణ మీద పడాలి, అంటే సహాయకుడూ నీలమే కావాలి. హోస్టు ట్రిప్లెట్ వాటన్నిటికంటే పైన, 2.8 ఎలక్ట్రాన్ వోల్టులు దాటి ఉండాలి. ఎమిటర్ మీద తగ్గించిన ఒత్తిడి అటు తిరిగి ఇటు తిరిగి హోస్టు మీద, సహాయకుడి మీద పడుతుంది. పేపర్లలో మంచి సామర్థ్యం ఇచ్చే డీపీఈపీఓ హోస్టు ఆయుష్షు పరీక్షలో నిలబడదు. ఎవరైనా ఆ హోస్టులో అంకెలు చూపిస్తే నేను రంగు వరకే పట్టించుకుంటాను.

న్యూ-డాబ్నాకు సొంత బలహీనత ఇంకొకటుంది. నాలుగు నైట్రోజన్లు, పైన రెండు డైఫినైల్అమినోలు ఉండటంతో హోమో బాగా పైకి వచ్చేసింది. హోస్టు మీదుగా పోవాల్సిన హోల్స్ (ధన ఛార్జీలు) ఎమిటర్ మీదే చిక్కుకుంటాయి. చిక్కుకున్న ఛార్జి, పక్కనే ట్రిప్లెట్: అణువు విరగడానికి ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి లేదు. రంగు కోసం పెట్టిన నైట్రోజన్లే ఆయుష్షుకు అడ్డం తిరిగాయి.

2021లో వచ్చిన న్యూ-డాబ్నా-ఓ-ఎంఈ ఈ చోటే పట్టుకుంది. నైట్రోజన్ ఉన్న చోట ఆక్సిజన్ పెడితే ఎలక్ట్రాన్లు ఇచ్చే గుణం తగ్గుతుంది, హోమో దిగుతుంది, రంగు నీలం వైపు జరుగుతుంది. పీక్ 465, రంగు (0.13, 0.10), సామర్థ్యం 29.5 శాతం. రోల్-ఆఫ్ (వెలుగు పెంచితే సామర్థ్యం పడిపోవడం), ఆయుష్షు రెండూ న్యూ-డాబ్నా కంటే బాగా మెరుగయ్యాయి. వెడల్పు మాత్రం 18 నుంచి 23 నానోమీటర్లకు పెరిగింది. పీక్ నాలుగు నానోమీటర్లు జరిగినా రెండో నిర్దేశాంకం 0.11 నుంచి 0.10కే దిగడానికి ఆ ఐదు నానోమీటర్లే కారణం. వెడల్పు 18 దగ్గరే ఆగి ఉంటే ఇంకా దిగేది.

నా లెక్కలో ఇది మంచి బేరమే. వెడల్పులో పోయినదాన్ని టాప్-ఎమిషన్ డివైస్‌లో మైక్రోకావిటీ కొంతవరకు రాబడుతుంది, హోమో పైకి పోతే తిరిగి తెచ్చే మార్గం డివైస్ ఇంజనీర్ దగ్గర లేదు. ఇప్పుడు ప్రతిపాదనలు చూసేటప్పుడు హోమో ఎక్కడుందన్నది ముందు అడుగుతున్నాను, ఆ తర్వాత వెడల్పు, పీక్ మూడోది. హైడ్రోజన్ల స్థానంలో డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టడం ఈ వరుసకు బయట చేసే పని. రంగు కదలకుండా ఆయుష్షు పెరిగే అవకాశం అందులో ఉంది. ఖర్చు మాత్రం గట్టిగానే అవుతుంది కాబట్టి అస్థిపంజరం ఖరారయ్యేదాకా దాన్ని ముట్టుకోవడం లేదు.